హాసక్స్ నుంచి సుద్దకొండల మీదుగా ఒక రోజు నడక

నమస్కారం. మేము సెప్టెంబరులో ఇంగ్లండులో, లండన్ దక్షిణాన ఉన్న క్రాయిడన్‌కు వచ్చాము. ఆదివారం రైలులో వెళ్ళి, కొండల మీద చుట్టు తిరిగి మళ్ళీ అదే స్టేషనుకు చేరుకునే నడక ఏదైనా చెప్పగలరా? పొలాల్లోంచి వెళ్తే ఎవరైనా అభ్యంతరపెడతారేమోనని మా ఆవిడ భయపడుతోంది.

—

నమస్కారమండీ. ముందు మీ శ్రీమతిగారి సందేహం తీరుస్తాను, ఎందుకంటే మొదటి ఏడాది నన్నూ అదే ఇంట్లో కూర్చోబెట్టింది. ఇక్కడ పొలం ఒకరిదే అయినా, దాని మీదుగా పోయే ప్రజా కాలిబాట (పబ్లిక్ ఫుట్‌పాత్) మీద నడిచే హక్కు చట్టప్రకారం అందరికీ ఉంటుంది. గుంజ మీద పసుపు బాణం ఉంటే అది కాలినడక దారి. నీలం బాణం ఉంటే గుర్రాలు, సైకిళ్ళు కూడా వస్తాయి. దారి వదలకండి, వేసి ఉన్న గేటు తీస్తే మళ్ళీ వేసి వెళ్ళండి, ఆవుకీ దూడకీ మధ్యకు మాత్రం పోకండి.

ఈస్ట్ క్రాయిడన్ నుంచి బ్రైటన్ వైపు వెళ్ళే రైలులో హాసక్స్‌లో దిగండి. అక్కడి నుంచి క్లేటన్ అనే ఊరి మీదుగా కొండ ఎక్కితే, జాక్, జిల్ అనే జంట గాలిమరలు వస్తాయి. తెల్లని జిల్‌ను 1821లో బ్రైటన్‌లో కట్టి, 1852లో ఈ కొండ మీదికి తరలించారు. అక్కడి నుంచి దక్షిణంగా దిగితే ఛత్రీ అనే భారత సైనికుల స్మారకం. మళ్ళీ ఉత్తరంగా శిఖరరేఖకు వచ్చి, సౌత్ డౌన్స్ వే అనే పొడవాటి నడకదారి పట్టుకుని తూర్పుగా పోతే 248 మీటర్ల ఎత్తున డిచ్లింగ్ బీకన్ అనే కొండ. అక్కడ దిగి, పొలాల మీదుగా హాసక్స్ చేరవచ్చు. మొత్తం సుమారు 15 కిలోమీటర్లు. ఆగుతూ నడిస్తే ఐదారు గంటలు పడుతుంది.

దూరం ఎక్కువనిపించి ఛత్రీని వదిలేయాలనుకుంటారేమో, దయచేసి వదలకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడి, బ్రైటన్ ఆసుపత్రుల్లో కన్నుమూసిన హిందూ, సిక్కు సైనికులు 53 మందికి ఆ కొండవాలు మీదే దహన సంస్కారాలు జరిగాయి. ఆ చోట ఎనిమిది స్తంభాల మీద నిలిచిన పాలరాతి గుమ్మటాన్ని 1921 ఫిబ్రవరి 1న ఆవిష్కరించారు. 2010లో పక్కనే వారి పేర్లు చెక్కిన రాతిగోడ కూడా వెలిసింది. ఛత్రీ దాకా వాహనాలు రావు, నడిచే వెళ్ళాలి. చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక తప్ప మరేమీ ఉండదు. పైన ఎక్కడో కంటికి కనిపించని భరతపక్షి పాడుతూ ఉంటుంది. ఆ పేర్లను ఒక్కొక్కటిగా చదివేసరికి నాకు గొంతు పూడుకుపోయింది.

ఇక బూట్ల సంగతి. సుద్దరాయి నీటిని పీల్చేసుకుంటుంది కాబట్టి ఈ కొండల మీద వాగులుండవు, కానీ వాన కురిసిన మర్నాడు దారి మీది సుద్ద నానబెట్టిన ముగ్గుపిండిలా మారి, అడుగుకు అతుక్కుని జారుతుంది. నేను ఆఫీసు బూట్లతో వెళ్ళి దిగుడులో పడి, చెకుముకి రాయి అంచుకు అరచేయి కోసుకున్నాను. గాడులు లోతుగా ఉన్న నడక బూట్లు కొనండి. బీకన్ నుంచి కారురోడ్డు వెంట దిగకండి. అది నిటారుగా, ఇరుకుగా ఉంటుంది. కాలిబాటనే దిగండి.

డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, తొమ్మిదికల్లా నడక మొదలుపెట్టండి. కొండ మీద తాగునీటిని నమ్ముకోవద్దు. నీళ్ళు, పులిహోర వెంట ఉంచుకోండి. ఫోను మూగబోతే బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వారి ఓఎల్11 నంబరు కాగితపు మ్యాపు ఆదుకుంటుంది.

—

పైవారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. పిల్లలు చిన్నవాళ్ళయితే బ్రైటన్ నుంచి 79 నంబరు బస్సులో బీకన్‌కు వెళ్ళి, గాలిమరల దాకా నడిచి హాసక్స్‌లో రైలెక్కండి. కొండ ఎక్కే శ్రమ తప్పుతుంది. బస్సు వేళలు, ఆదివారం రైలు మరమ్మతులు ముందురోజు రాత్రే చూసుకోండి.