పులిజూదం ఆడిస్తే వైద్యం చేసినట్టేనా?

పెన్నా గట్టు (నెల్లూరు):
ఒక ప్రైవేటు రిహాబ్ సెంటర్లో నాలుగేళ్లుగా పని చేస్తున్నా. కార్డు మీద ‘యాక్టివిటీ కోఆర్డినేటర్’ అని ఉంటుంది, పేషెంట్లు మాత్రం ‘ఆటల సార్’ అంటారు. పక్షవాతం వచ్చినవాళ్లు, వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు పొద్దున ఫిజియో అయ్యాక నా గదికొస్తారు. క్యారమ్స్, పులిజూదం, పాత పాటలు, శనివారం కూర్చునే కోలాటం.

పోయిన నెల మేనేజ్‌మెంట్ ఒక ఫారం చేతికిచ్చింది. ప్రతి ఆటకీ లక్ష్యం, నిమిషాలు, మార్కులు రాయాలంట. ఇకనుంచి బిల్లులో ‘రిక్రియేషనల్ థెరపీ’ అని, అంటే ఆటపాటలతో చేసే చికిత్స అని వేస్తారంట. స్టాఫ్‌లో సగం మంది సంబరపడ్డారు. ఫిజియోథెరపిస్టుల్లాంటి వాళ్ల కోసం 2021లో వచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం షెడ్యూల్లో రిక్రియేషనల్ థెరపిస్టు అనే పేరు ఉంది కదా, మనకూ గుర్తింపు వస్తుంది అంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు. మా పని వైద్యమా, కాలక్షేపమా? ఏదో ఒకటి చెప్పండబ్బా.

ట్రంకు రోడ్డు:
నేను ఓటీ. ఆపరేషన్ థియేటర్ కాదు, ఆక్యుపేషనల్ థెరపీ. మా అత్తగారికే ఇంకా చెప్పుకోవాల్సి వస్తోంది.

అన్నా, చట్టంలో పేరుంటే ఆ పేరు మీకొచ్చేసినట్టు కాదు. నేను చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం నేర్పిస్తా. దానికి ముందు ఏ కండరం ఎంత పని చేస్తోందో, మెదడులో ఎక్కడ దెబ్బ తగిలిందో చూస్తా. మీరు క్యారమ్ బోర్డు వేసి కూర్చోబెట్టి ‘థెరపీ’ అంటే, రేపు జారిపడినవాడికి జవాబెవరు చెప్తారు? నాలుగేళ్లు పక్కన నిలబడ్డాడని కాంపౌండర్ డాక్టరు కాడు. కోపం తెచ్చుకోవద్దు.

గూడూరు నిమ్మకాయ:
బిల్లు ఎంతంట?

పెన్నా గట్టు:
సెషన్‌కి మూడొందలు.

గూడూరు నిమ్మకాయ:
మూడొందలకి మా ఊళ్లో రచ్చబండ కొనేయొచ్చు.

కావలి టు డల్లాస్:
ఇక్కడ అమెరికాలో ఒక ఆస్పత్రిలో నర్సుగా ఉన్నా. మా ఫ్లోర్లో రిక్రియేషనల్ థెరపిస్టు ఒకామె ఉంది. డిగ్రీ చదివి, 560 గంటల ఇంటర్న్‌షిప్ చేసి, పరీక్ష రాసి సర్టిఫికేట్ తెచ్చుకుంది. ఆ సర్టిఫికేట్లిచ్చే సంస్థ 1981లోనే పెట్టారు. అట్లని గొడవ తీరిందనుకోకండి. 1966లో వీళ్ల సంఘం పార్కులు, వినోదాల వాళ్ల పెద్ద సంఘంలో ఒక శాఖగా మొదలైంది. మాది వైద్యం, పార్కుల వాళ్లతో మాకేం పని అన్నవాళ్లు 1984లో వేరు కుంపటి పెట్టారు. పేరు మీద కూడా పేచీనే: ‘థెరప్యూటిక్ రిక్రియేషన్’ అనాలా, ‘రిక్రియేషనల్ థెరపీ’ అనాలా అని. యూటా రాష్ట్రంలో 1975 నుంచి లైసెన్సు ఉంది, ఇంకా చాలా రాష్ట్రాల్లో లేనే లేదు. కాబట్టి నీకొచ్చిన అనుమానం కొత్తదేం కాదు తమ్ముడూ.

కనిగిరి కుర్చీ:
పదకొండేళ్లుగా చక్రాల కుర్చీలో ఉన్నా. ఒక మాట అడుగుతా. మీరు సినిమాకి పోతే సరదా, నేను పోతే థెరపీనా? మీరు చీట్లపేక ఆడితే ఆట, నేను ఆడితే ‘చేతివేళ్ల సమన్వయం’. మా బతుకులో మందుచీటీ లేకుండా ఒక్క గంటన్నా వదలరా?

పోయిన వేసవిలో మైపాడు బీచికి పోయాం. ఇసకలో నాలుగడుగులు పోగానే ముందు చక్రాలు దిగబడిపోయాయి. మా బావమరిది కుర్చీతో సహా ఎత్తుకుంటానన్నాడు, నేనొద్దన్నా. నీళ్లు కనపడుతున్నాయి, చప్పుడు వినపడుతోంది, కాళ్లకి తగలవు. దానికి నాకు కావాల్సింది థెరపిస్టు కాదు, నీళ్లదాకా ఒక చెక్కబాట.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూడండి. చికిత్సలో ఉన్నవాళ్లకి వినోదం, తీరిక సౌకర్యాలు ఉండాలని 20వ సెక్షన్లో రాశారు. హక్కుగా రాశారు, మందుగా కాదు.

ఒంగోలు ఆర్టీసీ బిడ్డ:
కుర్చీ అన్నా, మీ మాట కాదనను. కానీ మా నాన్న సంగతి చెప్పనివ్వండి.

నాన్న ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. మెదడు కుడివైపు స్ట్రోక్. ఎడమ చెయ్యి పడిపోయింది, అంతకంటే విచిత్రం, ఎడమపక్క అనేది ఒకటుందన్న ధ్యాసే పోయింది. కంచంలో కుడివైపు అన్నం తినేసి ‘కూరేదే?’ అని అమ్మ మీద అరిచేవారు. కూర ఎడమపక్కన అట్లే ఉండేది.

సెంటర్లో ఒక కుర్రాడు పులిజూదం పటం గీసి కూర్చోబెట్టాడు. నాన్నవి మూడు పులులు, అతనివి పదిహేను మేకలు. ఊళ్లో నాన్నని ఓడించినవాడు లేడు. ఇక్కడ రోజూ ఎడమపక్క నుంచి మేకలొచ్చి పులుల్ని కట్టేస్తున్నాయి, ఈయనకి కనపడటం లేదు. మూడో రోజు ఆ కుర్రాడు పటాన్ని జానెడు ఎడమకి జరిపి, ఎడమ అంచున ఎర్ర ఇన్సులేషన్ టేపు అంటించాడు. ‘పెద్దాయనా, ముందు ఎరుపు కనపడేదాకా తల తిప్పు, ఆ తర్వాతే ఎత్తు వెయ్యి’ అన్నాడు. అంతే. ఆ టేపు వెతకడం అలవాటయ్యాక ఇంట్లో కంచం అంచుకీ ఒక ఎర్ర దారం చుట్టాం.

ఇది కాలక్షేపమంటే నేనొప్పుకోను. ఆ జానెడు జరపడమే చదువు. ఓటీ మేడమ్, ఆ అబ్బాయికి మీరనే డిగ్రీ ఉందో లేదో నేనడగలేదు.

కానీ తర్వాతేమైందో కూడా చెప్పాలి. కొత్త మేనేజరు వచ్చి ఆటకి ఇరవై నిమిషాలని ఫోన్లో అలారం పెట్టించాడు. రెండో రోజు ఎత్తు మధ్యలో అలారం మోగింది. నాన్న మేకల్ని చేత్తో తోసేసి, ‘ముప్పయ్యేళ్లు బస్టాండులో కంట్రోలర్‌కి టైము చెప్పుకుని బతికా. ఇది ఆటా, డ్యూటీనా?’ అన్నారు. మళ్లీ ఆ గదికి పోలేదు.

ట్రంకు రోడ్డు:
ఎడమపక్క మరిచిపోవడం మేమూ చూస్తాం, టేపు మేమూ వాడతాం. అది తెలిసి చేసినవాడు ఎవరో దగ్గర నేర్చుకునే ఉంటాడు. నా బాధల్లా తెలియకుండా చేసేవాళ్ల గురించే. కానీ ఒకటి ఒప్పుకోవాలి. మా గదిలో అన్నం కలపడం నేర్చుకుని ఇంటికి పోయినవాళ్లలో చాలామంది సాయంత్రం గోడ చూస్తూ కూర్చుంటారు. ఆ సాయంత్రం సంగతి మా సిలబస్‌లో లేదనను, మా టైములో లేదు.

పెన్నా గట్టు:
ఒంగోలు అక్కా, ఆ అలారం సంగతి చదివి నిద్ర పట్టలేదు. మా ఫారంలోనూ నిమిషాల గడి ఉంది.

ఒకటి అనుకున్నా. నాకు డిగ్రీ లేదు కాబట్టి థెరపిస్టునని చెప్పుకోను, ఆ పేరుతో బిల్లు వేయొద్దని రాసిస్తా. ఎవరితో ఏం ఆడించాలో ఓటీ మేడమ్ లాంటివాళ్లని అడిగి చేస్తా. నిమిషాల గడి కొట్టేసి, దాని బదులు ‘ఈ ఆట ఎవరడిగారు?’ అని ఒక గడి పెట్టమంటా.

కనిగిరి కుర్చీ:
ఆ గడిలో పేషెంటు పేరు లేకపోతే దాన్ని ఆటల లెక్కలో వేయొద్దని కూడా రాయి.

పెన్నా గట్టు:
ఒప్పుకోరన్నా. అయినా సోమవారం మీటింగులో అడుగుతా.

గూడూరు నిమ్మకాయ:
మూడొందలు కూడా కొట్టేస్తారేమో అడుగు.