మందెక్కువైతే మజ్జిగ పలచన: కోర్లెక్కువైతే?

తిరుపతి నుంచి:
ల్యాబ్‌లో మేడం అమ్‌డాల్ సూత్రం చెబుతూ ఈ సామెత వాడారు. ప్రోగ్రాములో పదో వంతు వరసగానే నడవాల్సినదైతే, ఎన్ని కోర్లిచ్చినా (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) వేగం 10 రెట్లు దాటదు. 1967 నాటి మాట. మరి నేను హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక అంకెల లిస్టును వరసలో పేర్చేదానికి రెండు ముక్కలు చేసి రెండు కోర్లకిస్తే వేగం నాలుగు రెట్లు దాకా పోయింది! దీనికి మన దగ్గర సామెత ఏమన్నా ఉందా అన్నా?

చిత్తూరు నుంచి:
ఒక్కో అంకెనూ తీసి దాని చోట్లో చొప్పించే ఇన్సర్షన్ సార్టేనా తమ్ముడూ?

తిరుపతి నుంచి:
అదే అన్నా.

చిత్తూరు నుంచి:
అట్లయితే అందులో సగం గొప్ప కోర్లది కాదు. పెద్దంకె నుంచి చిన్నంకెకు పేర్చిన 10,000 అంకెలకు అది దాదాపు 5 కోట్ల పోలికలు చేస్తుంది. సగం చేస్తే ముక్కకు కోటీ పాతిక లక్షలే. చివర కలిపేదానికి పదివేల లోపే, అదొక లెక్కా! ఒకే కోరు మీద రెండు ముక్కల్నీ ఒకదాని వెనక ఒకటి నడిపి చూడు, అప్పుడే కాలం సగమవుతుంది. ముక్కలు చేసి పేర్చి కలిపే మెర్జ్ సార్టుతో పోల్చుకొని ఉంటే నీకీ సంబరం ఉండేది కాదు.

నిజంగా కోర్ల వల్లే లెక్క మించే సందర్భాలూ ఉన్నాయి. ప్రతి కోరుకూ పక్కనే సొంత క్యాష్, అంటే చిన్న వేగమైన మెమరీ, ఉంటుంది కదా, ఒకదాంట్లో పట్టని డేటా రెండిట్లో సర్దుకుంటే పెద్ద మెమరీ దాకా పరిగెత్తే పని తప్పుతుంది. హాస్కెల్ కంపైలరు జీహెచ్‌సీ కూడా కొత్త డేటా పెట్టుకునే చోటు కోరుకొకటి విడిగా ఇస్తుంది. చోటు పెరిగితే గార్బేజ్ కలెక్షన్ (పనికిరాని డేటాను ఊడ్చే పని) అన్నిసార్లు రాదు. వెతుకులాటలో అయితే అదృష్టమే: రెండో కోరు పట్టుకున్న కొమ్మలో జవాబు దొరికిందంటే మొదటిదాని పని అక్కడికి సరి.

శ్రీకాళహస్తి నుంచి:
కోర్ల సంగతి నాకు తెలీదు గానీ, సామెతలో నీళ్ళ మాటే లేదు గమనించారా? కుండ ఒకటే, వచ్చినోళ్ళు ఎక్కువ, ఇంటామె నీళ్ళు పోసి సరిపెడుతుంది. వినేవాళ్ళే అదంతా నింపుకోవాలి. మీ కోర్లు ఎవరి మజ్జిగ వాళ్ళే తెచ్చుకుంటున్నాయి, ఇంక పలచనెట్లా అవుతుంది? 'తలా ఒక చెయ్యి వేయడం' అనే మాట ఉంది గానీ, అది ఇద్దరికి రెండింతలు దగ్గరే ఆగిపోతుంది.

చిత్తూరు నుంచి:
బాగా చెప్పారు సార్. తమ్ముడూ, ఇంతకీ కొలిచేటప్పుడు లిస్టంతా పూర్తిగా లెక్కగట్టించే ఫోర్స్ పెట్టావా? హాస్కెల్ సోమరిది. పనిని ఇంకో కోరుకిచ్చే పార్ ఇచ్చినా లిస్టులో మొదటి గడి తేల్చి కూర్చుంటుంది, మిగతాది ఎవరో అడిగినప్పుడే.