అచెబె నవలల్లో కూలిపోయినది ఏమిటి? ఒక సందేహం

బొబ్బిలి పాఠకుడు:

సభ్యులందరికీ నమస్కారం. మేము ఆరుగురం నెలకొకసారి కలుసుకుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాము. ఈసారి నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో వెలువరించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలను తీసుకున్నాము. ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బో జాతివారి పల్లె ఉమోఫియాలో పేరుమోసిన మల్లుడు ఒకొంక్వో జీవితం, ఆ ప్రాంతానికి మొదట మిషనరీలు, వారి వెనుకనే కచేరీ (ప్రభుత్వ కోర్టు), జైలు రావడం ఇందులోని కథ. చర్చ ముగిసేసరికి మాలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. తెల్లవారు రాకపోయి ఉంటే ఆ పల్లె తన బతుకు తాను బతికేదని కొందరు వాదించారు. కవలలు పుడితే అడవిలో పారవేసే సమాజం, పొరుగూరు నుంచి పరిహారంగా వచ్చి మూడేళ్లు ఒకొంక్వో ఇంట పెరిగి, అతణ్ణి నాన్నా అని పిలిచిన బాలుడు ఇకెమెఫూనాను దేవత ఆజ్ఞ పేరుతో ఒకొంక్వో కత్తికే బలి ఇచ్చిన సమాజం, ఎప్పుడో ఒకప్పుడు కూలవలసినదే కదా అని మిగిలినవారు అడిగారు. నేను మొదటి పక్షాన మాట్లాడాను, కాని ఇంటికి వచ్చి ఆలోచించుకుంటే నా జవాబు చాలదనిపించింది. తమ పూర్వకాలమంతా ఆటవికపు చీకటి కాదని తన వాళ్లకు చెప్పదలచిన రచయిత ఈ క్రౌర్యాలను ఎందుకు దాచలేదు? వీటిని ఇంత వివరంగా చూపిన తరువాత వలసపాలన మీద ఆయన మోపిన నేరం నిలుస్తుందా? పెద్దలు తెలియజేయగలరు.

విజయనగరం అధ్యాపకురాలు:

మీ రెండు పక్షాలవారూ ఒక చిన్న భాగాన్ని దాటుకుని వెళ్లిపోయారని నాకు అనిపిస్తున్నది. నాలుగవ అధ్యాయంలో, నాట్లకు ముందు పాటించే శాంతివారంలో ఒకొంక్వో భార్యను కొట్టి, భూదేవత పూజారి విధించిన జరిమానా చెల్లిస్తాడు. ఆ సందర్భంలో ఊరిలోకెల్లా వృద్ధుడైన ఎజేఊదు తన తండ్రి నోట విన్న సంగతి ఒకటి చెబుతాడు. పూర్వం ఆ వారంలో శాంతి తప్పినవాణ్ణి ప్రాణం పోయేదాకా ఊరి వీధుల్లో నేలమీద ఈడ్చేవారట. ఏ శాంతిని కాపాడటానికి ఆ శిక్ష పెట్టుకున్నారో ఆ శాంతినే అది చెడగొడుతున్నదని గ్రహించి, తరువాత దానిని మానుకున్నారట. అప్పటికి ఉమోఫియాలో మిషనరీ లేడు, మేజిస్ట్రేటు లేడు. ఒక ఊరు తన ఆచారాన్ని తానే తూచి, తప్పని తేల్చుకుని, తానే దించివేసుకున్నది.

ఈ ఒక్క సంగతిని దీపంగా పట్టుకుని మిగిలిన నవల చదివితే మరెన్నో కనబడతాయి. ఇకెమెఫూనా చావులో నీ చెయ్యి ఉండకూడదని ఒకొంక్వోను హెచ్చరించినవాడు ఆ ఎజేఊదే. దేవత ఆజ్ఞను తాను కాదనననీ, కాని దానిని అమలుచేసే చెయ్యి మాత్రం తనది కాబోదనీ చెప్పినవాడు స్నేహితుడు ఒబియెరికా. తాను పారవేసిన కవలలు ఏ పాపం చేశారని ఏకాంతంలో కుమిలినవాడూ అతడే. అచెబె ఆ క్రౌర్యాలను దాచకపోవడానికి కారణం ఇక్కడే ఉన్నదని నా నమ్మకం. దాచి ఉంటే, వాటిని ప్రశ్నించిన ఇగ్బో మనుషులను కూడా దాచవలసి వచ్చేది.

మతం ఏ దారిన లోపలికి వచ్చిందో కూడా గమనించండి. నాలుగుసార్లు ప్రసవించి, నాలుగుసార్లూ కవలలనే కని, అందరినీ అడవికి అప్పగించిన నెకా అనే నిండు గర్భిణి చర్చిలో చేరుతుంది. దేవుడికి వదిలిన కారణంగా తరతరాలుగా వెలిగా బతుకుతూ, స్వేచ్ఛగా పుట్టినవారితో పెళ్లికి నోచుకోని ఒసూలు చేరుతారు. ఇకెమెఫూనాను మరువలేని ఒకొంక్వో కొడుకు న్వోయే, చీకటిలో కూర్చున్న అన్నదమ్ముల గురించిన పాట విని కరిగిపోతాడు. వెలి అంటే ఏమిటో మన ప్రాంతపు పాఠకుడికి ఎవరూ వివరించనక్కరలేదు, కనుక ఒసూల ఘట్టం మనకు తగిలినంత గట్టిగా ఇంగ్లండు పాఠకుడికి తగిలి ఉండదు. వీరు ముగ్గురూ మోసపోయినవారు కారు. ఊరు వీరికి బాకీ పడిన న్యాయాన్ని పరాయివాడు వచ్చి చెల్లించాడు, ఆ చెల్లింపు వెనుక కచేరీ వచ్చింది. ఒబియెరికా మనసులోని ప్రశ్న ఊరి సభలో పలికే రోజు వచ్చేదో లేదో మనం చెప్పలేము. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకునే సభే లేకుండా పోయిందని మాత్రం నవల చూపిస్తున్నది.

రాజాం మాస్టారు:

అధ్యాపకురాలి గారు మతం గురించి బాగా చెప్పారు. నేను కచేరీ గురించి రాస్తాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు దెబ్బ అక్కడిది. ఏడేళ్ల ప్రవాసం ముగించుకుని ఊరికి తిరిగివచ్చిన ఒకొంక్వోకు ఒబియెరికా చెప్పే ఒక భూమి తగాదా ఉన్నది. తెల్లవాడి కోర్టు ఆ పొలాన్ని న్నామా కుటుంబానికి ఇచ్చింది, ఎందుకంటే ఆ కుటుంబం బంట్రోతులకూ దుబాసీకీ సొమ్ము ముట్టజెప్పింది. మా భాషే రాని అధికారికి మా భూమి కట్టుబాట్లు ఏం తెలుస్తాయని ఒబియెరికా వాపోతాడు. తరువాత ఊరి పెద్దలు ఆరుగురిని మాటలాడుకుందామని పిలిచి, బేడీలు వేసినప్పుడు, అధికారి విధించిన జరిమానా 200 సంచుల గవ్వలు. బంట్రోతులు ఊరికి వచ్చి చెప్పినది 250. మధ్యలో మిగిలిన ఆ 50 సంచులలో వలసపాలన నడిచిన తీరు మొత్తం నాకు కనిపిస్తుంది.

అయితే మన ప్రాంతంతో పోల్చేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ఇక్కడ రాజులు, జమీందారులు కుంఫిణీకి ముందునుంచే ఉన్నారు, 1802 శాశ్వత శిస్తు ఒప్పందం వారిని పేష్కష్ (ప్రభుత్వానికి ఏటా కట్టే నిర్ణీత శిస్తు) కట్టే భూస్వాములుగా స్థిరపరచింది. ఇగ్బోలలో చాలా ఊళ్లకు రాజే లేడు, పెద్దలు, బిరుదులు పొందినవారు, వయోవర్గాలు, ఆడపడుచుల సంఘాలు కలిసి ఊరిని నడిపేవి. రాజు కోసం వెతికి దొరకక, ఆంగ్లేయులు ఒక కాగితం ఇచ్చి ‘వారంట్ చీఫ్’లను నియమించారు. ఆ కాగితపు దొరల మీదనే 1929లో ఆగ్నేయ నైజీరియా స్త్రీలు వేలాదిగా లేచారు. తమ మీద పన్ను వేస్తారన్న భయంతో మొదలై, దేశీయ కోర్టులను తగలబెట్టేదాకా వెళ్లిన ఆ ఉద్యమంపై జరిగిన కాల్పులలో 50 మందికి పైగా స్త్రీలు చనిపోయారు.

నవల ముగింపులో జిల్లా కమిషనరు తాను రాయబోయే పుస్తకంలో ఒకొంక్వోకు ఒక పేరా చాలునని అనుకుంటాడు. అప్పటి విశాఖపట్నం జిల్లా గురించి 1869లో కార్మైకేల్, 1907లో ఫ్రాన్సిస్ రాసిన గ్రంథాలను నేను ఎంతో ఉపయోగంతో చదివాను, చదువుతూనే ఉన్నాను. కాని పితూరీ (తిరుగుబాటు) అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆ పేరా గుర్తుకు వచ్చి ఆగిపోతుంటాను.

టెక్కలి చదువరి:

మాస్టారూ, వారంట్ చీఫ్ ప్రస్తావన వచ్చింది కనుక 1964 నాటి ‘యారో ఆఫ్ గాడ్’ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆరు ఊళ్ల సముదాయమైన ఉమువారో ప్రధాన పూజారి ఎజేఉలు ఆ పదవిని నిరాకరించి నిర్బంధానికి గురవుతాడు. ప్రతి నెలవంకకూ ఒక పవిత్రమైన పెండలాన్ని తిని, ఆ లెక్క ప్రకారం కొత్త పంట పండుగను ప్రకటించడం అతని విధి. నిర్బంధంలో రెండు నెలవంకలు దాటిపోయాయి, కనుక అప్పటికి తినవలసిన రెండు దుంపలు మిగిలిపోయాయి. అవి తినే వంతు వచ్చేదాకా పండుగ ప్రకటించనని అతడు పట్టుబడతాడు, పండుగ లేకుండా తవ్వకూడదు కనుక పెండలం భూమిలోనే పాడవుతుంది. మా దేవుడికి అర్పించి తవ్వుకోండని చర్చి పిలుస్తుంది, ఆకలితో ఉన్న ఊరు వెళుతుంది.

నేను సీతంపేట ఏజెన్సీలో కొన్నేళ్లు బడిపంతులుగా పనిచేశాను. కంది కొత్తలు చేసుకోనిదే కొత్త కందులు నోట పెట్టని సవర, జాతాపు ఇళ్ల మధ్య ఉండటం వల్ల, ఆ పండుగ ఆగడం అంటే ఏమిటో ఈ నవల చదివేటప్పుడు నాకు కడుపులో తెలిసింది. అధ్యాపకురాలి గారి మాటకు ఇక్కడ మరింత బలం ఉన్నది. ఉలు అనే ఆ దేవుణ్ణి ఆరు ఊళ్లు ఒకప్పుడు బానిసల వేటగాళ్లకు భయపడి, కలిసికట్టుగా నిలబెట్టుకున్నాయి. పొరుగున అనింటావాళ్లు తమను ఆదుకోలేకపోయిన దేవుణ్ణి పొలిమేరకు మోసుకుపోయి తగలబెట్టారు. దేవుళ్లను నిలుపుకోవడం, దించడం తెలిసిన జనానికి ఈసారి మాత్రం తమలో తాము తేల్చుకునే వ్యవధి దొరకలేదు, ఎందుకంటే వేరొక గుడి తలుపు అప్పటికే తెరుచుకుని ఉన్నది.

పలాస పాఠకురాలు:

ఈ చర్చ అంతా చదివాను. ఊరు తన తప్పును తానే దిద్దుకునేదని అంటున్నప్పుడు, ఆ ఊరిసభలో నెకాకు చోటు ఉన్నదా అని అడగక తప్పదు. పదిమందిని కని తొమ్మిదిమందిని పోగొట్టుకున్న ఒకొంక్వో భార్య ఎక్వెఫీ దుఃఖాన్ని అచెబె గొప్పగా రాశారు, కాదనను. అయినా స్త్రీల కంటితో ఆ కాలాన్ని చూడాలంటే ఫ్లోరా న్వాపా 1966లో రాసిన ‘ఎఫూరూ’, బూచి ఎమెచెటా 1979లో రాసిన ‘ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్’ చదవండి. రెండవ దానిలో న్నూ ఎగో పల్లె వదిలి లాగోస్ వస్తుంది. ఆమె భర్త అక్కడ తెల్లవారి ఇంట బట్టలు ఉతుకుతుంటాడు. పల్లెలో బిడ్డల పెంపకానికి తోడుండే వాకిలి నగరంలో లేదు, పల్లె పెట్టిన తల్లి బరువు మాత్రం నగరంలోనూ దిగలేదు. రెండు పాలనల భారమూ ఒకే మనిషి మీద పడటం అక్కడ కనిపిస్తుంది.

బొబ్బిలి పాఠకుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఎజేఊదు మాటను నిజంగానే దాటిపోయాను. రాత్రి తిరిగి తీసి చూశాను, అది కొన్ని వాక్యాలలోనే ఉన్నది. వచ్చే ఆదివారం మా వాళ్లందరికీ నాలుగవ అధ్యాయం బిగ్గరగా చదివి వినిపిస్తాను. ఆ వెంటనే నెకా చర్చిలో చేరే పుటలు కూడా చదువుతాను, ఎందుకంటే పలాస వారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ‘యారో ఆఫ్ గాడ్’ ప్రతి ఎవరిదగ్గరైనా ఉంటే ఒక నెలకు అరువు ఇవ్వగలరా? నేనే వచ్చి తీసుకువెళతాను.