రిపోర్టులన్నీ నార్మల్, ఒళ్ళంతా నొప్పులు: ఇంకా టెస్టులు చేయించాలా, ఆపేయాలా?

తెల్లకాగితం:
మా అక్కకి చాలా కాలంగా ఒళ్ళంతా నొప్పులు, పొద్దున లేస్తూనే నీరసం. రక్తపరీక్షలు, థైరాయిడ్, ఎమ్మారై అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరుగారు ఫైలు మూసి చేతికిస్తూ "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. బయటికొచ్చి మెట్ల మీదే కూర్చుని ఏడ్చేసింది. బావ ఇంకోచోట చూపిద్దామంటున్నాడు, అమ్మ ఇక చాలంటోంది. మీరేమంటారు?

మొండిఘటం:
ఆపకండి. కడుపులో పుండ్లకి కూడా టెన్షనే కారణమని ఏళ్ళ తరబడి చెప్పారు కదా. 1980లలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దాని వెనక హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని తేల్చారు, 2005లో నోబెల్ వచ్చింది. అంతకుముందు 1965లో ఎలియట్ స్లేటర్ అనే సైకియాట్రిస్టు, హిస్టీరియా అని ముద్ర పడినవాళ్ళు తర్వాత ఏమయ్యారో ఆరా తీస్తే చాలామందిలో అసలు జబ్బు బయటపడింది. అప్పటిదాకా వాళ్ళు పడ్డ మాటలకి ఎవరు జవాబు చెప్తారు?

నిదానం:
మొండిఘటం గారూ, స్లేటర్ కాలంలో సీటీ, ఎమ్మారై లేవు. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ 2005లో కలిపి చూస్తే, 1970ల నుంచి అలాంటి పొరపాట్లు 4 శాతం దగ్గరే ఉన్నాయి. అది కాళ్ళూ చేతులూ పడిపోవడం, ఫిట్స్ లాంటి వాటి లెక్క, అక్కగారి నొప్పులకి అలాగే అన్వయించలేం, అయినా టెస్టుల మీద టెస్టులు చేయిస్తూ పోవడమే దారి అనుకోను.

అలాగని "ఏమీ లేదు" అని పంపించేయడం మాత్రం అన్యాయం. స్కాన్‌లో అవయవం ఎలా ఉందో కనిపిస్తుంది, నొప్పిని మోసే నరాలూ, వెన్నుపామూ, మెదడూ ఎంత తీవ్రంగా స్పందిస్తున్నాయో కనిపించదు. సౌండు బాగా పెంచేసిన రేడియోలా చిన్న స్పర్శ కూడా నొప్పిగా వినిపించవచ్చు. ఇలాంటి నొప్పికి 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నోసిప్లాస్టిక్ అని పేరు కూడా పెట్టింది. తెల్లకాగితం గారూ, ఇలాంటి నొప్పే ఒళ్ళంతా ఉండే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బేమో అని ఎవరైనా చూశారా? దాన్ని పట్టించే రక్తపరీక్ష ఏదీ లేదు, నొప్పి ఎక్కడెక్కడుంది, మూడు నెలలు దాటిందా, నిద్ర ఎలా ఉంది అని కూర్చోబెట్టి అడిగి తేల్చాలి.

మొండిఘటం:
సరే, కానీ పేరు పెట్టాక అందరికీ ఒకటే మందు, "రోజూ కాస్త కాస్త వ్యాయామం పెంచు" అంటారు. కాస్త పని చేస్తే మర్నాడు మంచం దిగలేనివాళ్ళుంటారు, అది ఎంఈ/సీఎఫ్‌ఎస్ అనే, ఏళ్ళ తరబడి నీరసం వదలని జబ్బు కావచ్చు. అలాంటివాళ్ళకి లెక్కప్రకారం వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని బ్రిటన్‌లో డాక్టర్లకి వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థే 2021లో చెప్పింది.

నిదానం:
ఆ మాట నిజం. అందుకే ముందు అక్కగారిని అడగండి, పని చేసిన రోజు కంటే మర్నాడే ఎక్కువ పడిపోతోందా అని. అది రాసుకుని, ఓపిగ్గా వినే ఒకే డాక్టరు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళండి. బరువు దానంతటదే తగ్గుతున్నా, జ్వరం వదలకపోయినా, మలంలో రక్తం పడినా, కొత్తగా తిమ్మిరీ బలహీనతా మొదలైనా మాత్రం పాత రిపోర్టులు పక్కనపెట్టి మళ్ళీ టెస్టులు చేయించాల్సిందే.