స్టీల్ కేస్ తూటాలు కాలిస్తే ఏఆర్ పాడవుతుందా? అమ్మేటప్పుడు రేటు పడిపోతుందా?

ప్లేనో_పిల్లోడు
అందరికీ నమస్తే. గ్రీన్ కార్డ్ వచ్చాక కొన్న మొదటి రైఫిల్ నాది. ఏఆర్-15, 5.56 సైజు ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది). మా టీమ్‌లో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ, గ్యారేజ్‌లో ఎప్పటినుంచో ఉన్న రష్యా .223 తూటాలు, వెయ్యి రౌండ్ల పెట్టె, సగం ధరకే ఇస్తానంటున్నాడు. వుల్ఫ్ బ్రాండ్, అన్నీ స్టీల్ కేస్, అంటే మందు నింపిన గొట్టం ఇత్తడి కాదు, ఉక్కు. రేంజ్‌లో పక్క లేన్ పెద్దాయన మాత్రం "ఆ చెత్త వేశావంటే తుపాకీ పాత ఇనుము కింద తూకానికి అమ్ముకోవాలి" అని బెదరగొట్టాడు. నాకు న్యూజెర్సీ వెళ్లాల్సిన పని పడేలా ఉంది. అక్కడి చట్టం వల్ల ఈ రైఫిల్‌ని ఇప్పుడున్న రూపంలో తీసుకెళ్లలేను, ఇక్కడే అమ్మాలి. అందుకే టెన్షన్. నిజంగా పాడవుతుందా? కొనేవాడికి తెలిసిపోతుందా?

బ్యారెల్_బాబాయ్
అందరూ కేసుని తిడతారు గానీ, అరగదీసేది కేసు కాదు తమ్ముడూ, దాని ముందు ఉండి ఎగిరిపోయే బుల్లెట్. వుల్ఫ్, తుల, బ్రౌన్ బేర్ లాంటి రష్యా తూటాల్లో బుల్లెట్ పైతొడుగు శుద్ధ రాగి కాదు. మెత్తటి ఉక్కు రేకు మీద పల్చగా రాగి పూత. బైమెటల్ అంటారు. ఆ ఉక్కు ఎంత మెత్తనిదైనా రాగి కంటే గట్టిదే కాబట్టి బ్యారెల్ లోపలి గాళ్లు త్వరగా అరుగుతాయి. కేసు ఛాంబర్ దాటి ముందుకు పోదు. బ్యారెల్‌తో దానికి సంబంధమే లేదు.

దీని మీద లక్కీ గన్నర్ అనే తూటాల దుకాణం వాళ్లు చేసిన పరీక్ష ఒకటుంది. నాలుగు బుష్‌మాస్టర్ ఏఆర్‌లు తీసుకుని, ఒకదానికి ఫెడరల్ ఇత్తడి కేస్, మిగతా మూడింటికి వుల్ఫ్, తుల, బ్రౌన్ బేర్ ఇచ్చి, ఒక్కోదానితో 10,000 రౌండ్లు కాల్చాలని కూర్చున్నారు. వుల్ఫ్, బ్రౌన్ బేర్ బ్యారెళ్లు 6,000 దగ్గరికొచ్చేసరికి అయిపోయాయి. బుల్లెట్లు తిన్నగా వెళ్లక అడ్డం తిరిగి టార్గెట్‌కి తగిలాయి. ఫెడరల్ కాల్చిన బ్యారెల్ మాత్రం 10,000 తర్వాత కూడా పనికొచ్చే స్థితిలోనే ఉంది. తుల పెట్టిన తుపాకీ అసలు పరీక్ష పూర్తి చెయ్యలేదు, కేసులు ఇరుక్కుపోయి మధ్యలోనే ఆగింది.

ఇంతవరకే చదివి చాలామంది "చూశారా, స్టీల్ వద్దన్నామా" అంటారు. అదే వ్యాసంలో లెక్క కూడా ఉంది. అప్పటి ధరల్లో చౌక తూటాల వల్ల మిగిలిన డబ్బుతో కొత్త బ్యారెల్ కొన్నా ఇంకా మిగిలేది. పైగా వాళ్లు కాల్చింది మామూలుగా కాదు, బ్యారెల్ చల్లారనివ్వకుండా. శనివారం రేంజ్‌కెళ్లి నాలుగు మ్యాగజైన్లు నింపాదిగా కాల్చేవాడికి ఆ అరుగుడు రాదు. నువ్వు కాల్చబోయేది వెయ్యి. హాయిగా కాల్చుకో.

స్క్రూ_డ్రైవర్_శాస్త్రి
బాబాయ్ చెప్పింది బ్యారెల్ వరకు కరెక్టే. కానీ కేసు వల్ల అసలేమీ లేదంటే ఒప్పుకోను. ఇత్తడి సాగే లోహం. కాల్చగానే ఉబ్బి ఛాంబర్ గోడకి అతుక్కుని గ్యాస్ వెనక్కి రాకుండా ఆపుతుంది, ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని బయటికి వస్తుంది. స్టీల్ అంతలా ఉబ్బదు. సందులోంచి మసి వెనక్కొచ్చి ఛాంబర్‌లో పేరుకుంటుంది. ఆ మసి మీద వేడి వేడిగా ఇత్తడి రౌండ్ కాల్చారనుకోండి, అది ఉబ్బి మసికి పట్టేస్తుంది. ఇక క్లీనింగ్ రాడ్‌తో ముందునుంచి తట్టి తియ్యాల్సిందే. జనం దీన్ని చూసి "కేసు మీద పూసిన లక్క కరిగి జిగురైంది" అంటారు. లక్క కరగదండీ, అది మసి.

ఖాళీ కేసుని పట్టి బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కూడా కొంచెం త్వరగా అరుగుతుంది. అదేమంత ఖరీదైన భాగం కాదు, స్ప్రింగ్‌తో కలిపి ఒకటి బ్యాగ్‌లో పడేసుకోవచ్చు.

స్టీల్ నుంచి ఇత్తడికి మారేముందు ఛాంబర్ బ్రష్ నాలుగు తిప్పులు తిప్పండి. మామూలు బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం) బ్రష్ చాలదు, ఛాంబర్‌కి వేరే బ్రష్ దొరుకుతుంది, వెనక వెడల్పాటి ముళ్లుంటాయి.

ఏకే_ఏడుకొండలు
ఏఆర్ వాళ్ల గోల చూస్తే నవ్వొస్తుంది. మా ఏకేలో స్టీల్ తప్ప ఇంకోటి వెయ్యం 😄 దాని 7.62×39 తూటా కేసు చూడండి, ముందుకి బాగా సన్నబడి ఉంటుంది. కొంచెం కదిలిందంటే గోడ వదిలేస్తుంది. .223 కేసు దాదాపు తిన్నగా ఉంటుంది, అందుకే మీకు ఇరుక్కుంటుంది. దేనికి పుట్టిన తిండి దానికి పెట్టాలి.

పాత_సామాను
అసలు ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. తుప్పు. కొత్త రష్యా వాణిజ్య తూటాలు, అంటే వుల్ఫ్, తుల, వీటితో ఆ భయం లేదు. సోవియట్ కాలపు మిలిటరీ సరుకు వేరు. పాత ప్రైమర్లలో (కేసు అడుగున మందు అంటించే బిళ్ల) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. పేరుకి ప్రైమర్ మసి, నిజానికి ఉప్పు. గాలిలోని తేమ లాక్కుంటుంది. హ్యూస్టన్ లాంటి చోట రాత్రికి రాత్రే బోర్‌లో ఎర్రబారుతుంది.

నూనెతో పోదు ఇది, చాలామందికి తెలియని సంగతి ఇదే. ఉప్పు నీళ్లలోనే కరుగుతుంది. మోసిన్ నాగంట్ (పాత రష్యా మిలిటరీ రైఫిల్) వాళ్లు బోల్ట్ (ఛాంబర్‌ని వెనకనుంచి మూసే భాగం) తీసేసి ఛాంబర్‌లో గరాటు పెట్టి మరుగుతున్న నీళ్లు పోస్తారు. వేడికి బ్యారెల్ తనంతట తానే ఆరుతుంది, అప్పుడు నూనె రాయాలి. బోల్ట్ ముఖం మర్చిపోవద్దు. ఎస్‌కేఎస్ లాంటి గ్యాస్‌తో నడిచే పాత రైఫిళ్లకి గ్యాస్ ట్యూబ్, పిస్టన్ కూడా కడగాలి, తుప్పు ముందు పట్టేది అక్కడే.

ఇంకో ఉచ్చు ఉంది. ఇత్తడి కేస్ కాబట్టి మంచిదే అనుకోకండి. యుగోస్లావియా ఎం67 సర్‌ప్లస్ (సైన్యం వదిలించుకున్న పాత సరుకు) 7.62×39 నిగనిగలాడే ఇత్తడే, కానీ తుప్పు పట్టించే రకం. ఆ దేశపు ఎస్‌కేఎస్ బ్యారెల్‌కి లోపల క్రోమ్ పూత కూడా ఉండదు. రెండూ కలిశాయంటే బోర్‌లో గుంటలే. స్టీల్ తూటాల అరుగుడుకి వంద డాలర్లు బేరం తగ్గిస్తారేమో గానీ, గుంటలు పడిన పాత మిలిటరీ రైఫిల్‌ని కలెక్టర్ వెనక్కి పెట్టేసి వెళ్లిపోతాడు. దానికి కొత్త బ్యారెల్ వేసినా ఒరిజినల్ కాదు కాబట్టి విలువ రాదు.

ప్లేనో_పిల్లోడు
అబ్బో, పెద్ద కథే ఉంది. థాంక్స్ అందరికీ. మరి అమ్మకం సంగతి? కొనేవాడు "ఏ తూటాలు వాడావ్" అంటే చెప్పాలా?

సెకండ్‌హ్యాండ్_సీను
అడిగితే నిజమే చెప్పండి. వెయ్యి స్టీల్ రౌండ్లకి ఎవడూ బేరం మానుకోడు, దాచి దొరికిపోతే మానుకుంటాడు.

నేను కొనేటప్పుడు ఏం చూస్తానో చెప్తాను. రౌండ్ల లెక్క ఎవరేం చెప్పినా నమ్మను. తుపాకీకి కారు మీటర్ ఉండదు కదా. పై భాగం విప్పి, బోల్ట్ తీసి, వెనకనుంచి లైట్ వేసి చూస్తాను. ఛాంబర్ దాటగానే గాళ్లు మొదలయ్యే చోట అంచులు పదునుగా ఉన్నాయా, కరిగినట్టు మొద్దుబారాయా అనేది అసలు పరీక్ష. ఇప్పుడు ఫోన్‌కి తగిలించుకునే బోర్ కెమెరాలు చవగ్గా దొరుకుతున్నాయి, దాంతో పగుళ్లు కూడా కనిపిస్తాయి. తర్వాత బోల్ట్ లగ్‌ల (బోల్ట్‌ని బిగించి పట్టే పళ్లు) దగ్గర పగుళ్లు, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం విరిగిందా అని చూస్తాను. వీలైతే అమ్మేవాడినే రేంజ్‌కి రమ్మంటాను. టార్గెట్ మీద చిల్లులు గుండ్రంగా పడితే బ్యారెల్ బతికే ఉంది.

మామూలు ఏఆర్‌కి అసలు రేటు తగ్గించేది తూటాలు కాదు. బాక్స్, మాన్యువల్ పోగొట్టడం, సొంతంగా స్ప్రే పెయింట్ కొట్టడం, స్క్రూలు గీరేయడం. వీటికే ఎక్కువ కోస్తారు. మాన్యువల్ అన్నాను కదా, ఓసారి తెరిచి చూడండి. కొన్ని కంపెనీలు స్టీల్ కేస్ వాడితే వారంటీ చెల్లదని రాస్తాయి.

ఒక మినహాయింపు. ఖరీదైన మ్యాచ్ బ్యారెల్ (పోటీల కోసం చేసింది) ఉంటే బైమెటల్ దగ్గరికి రానివ్వొద్దు. గురి కోసమే డబ్బు పోసి కొన్న బ్యారెల్‌లో తూటాకి పది సెంట్లు ఆదా చెయ్యడం ఏం లెక్కో నాకర్థం కాదు.

వీసా_వీరుడు
చిన్న సందేహం, నేను హెచ్-1బి. స్నేహితుడి రైఫిల్‌తో రేంజ్‌లో కాల్చొచ్చా?

బ్యారెల్_బాబాయ్
@వీసా_వీరుడు నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అద్దెకి తీసుకున్నా, స్నేహితుడిది చేతిలోకి తీసుకున్నా అదే రూలు. లాయర్‌ని అడక్కుండా ముట్టుకోకు. ఇమిగ్రేషన్ ఫైల్‌లో ఇది పడిందంటే బ్యారెల్ అరగడం కాదు, కెరీరే అరుగుతుంది.

గచ్చిబౌలి_గురి
హైదరాబాద్ నుంచి ఒక మాట. మేం .22 రైఫిల్‌తో ప్రాక్టీస్ చేస్తాం. ఆ బుల్లెట్ సీసం, బ్యారెల్ అరిగే గొడవ దాదాపు లేదు. మా తలనొప్పి వేరు. ఒకే కంపెనీ, ఒకే పేరు, కానీ లాట్ (తయారీ విడత) మారితే గురి మారిపోతుంది. చౌక సరుకులో ఆ తేడా ఇంకా ఎక్కువ. ఛాంబర్ ముందు సీసం, మైనం కలిసి ఉంగరంలా పేరుకుంటుంది, అది తుడవకపోతే కేసు పూర్తిగా లోపలికి వెళ్లదు. రీసేల్ అంటారా, ఇక్కడ కొనేవాడికి లైసెన్స్ ఉండాలి. మీలా ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి అమ్మేయడం కుదరదు.

ఏకే_ఏడుకొండలు
ఇంపోర్టెడ్ అనగానే చెత్త అనే మాట కూడా మానాలి. సెర్బియా ప్ర్వి పార్టిజాన్, కొరియా పీఎంసీ ఇత్తడి కేస్ తూటాలే, శుభ్రంగా కాలుతాయి. అసలు 2021 సెప్టెంబర్ నుంచి అమెరికాలో రష్యా తూటాలకి కొత్త దిగుమతి పర్మిట్లు ఆపేశారు. రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీకి విషం పెట్టిన వ్యవహారంలో వేసిన ఆంక్షలు. ఆ తర్వాత స్టీల్ కేస్‌కీ ఇత్తడికీ మధ్య ధర తేడా బాగా తగ్గింది. షాపు ధరకైతే ఇప్పుడు స్టీల్ కొనడం దండగ. సగం ధరకి దొరికితే మాత్రం వేరే మాట.

స్క్రూ_డ్రైవర్_శాస్త్రి
ప్లేనో గారూ, కొనేముందు మీ రేంజ్ వాళ్లకి ఒక ఫోన్ కొట్టండి. చాలా ఇండోర్ రేంజ్‌లలో గుమ్మం దగ్గరే అయస్కాంతం పెట్టి చూస్తారు, బుల్లెట్ అంటుకుంటే లోపలికి రానివ్వరు. వెనక గోడ దెబ్బతింటుందనీ, నిప్పురవ్వలు లేస్తాయనీ వాళ్ల భయం. ఖాళీ ఇత్తడి ఏరి అమ్ముకునే రేంజ్‌లకి స్టీల్ కలిస్తే ఏరడం అదనపు చాకిరీ. ఆకుపచ్చ మొన ఉండే ఎం855 అమెరికా సరుకే అయినా లోపల ఉక్కు ముక్క ఉండటంతో దాన్నీ ఆపేస్తారు. అవుట్‌డోర్‌లో కూడా ఎండాకాలం గడ్డి ఎండి ఉన్నప్పుడు బైమెటల్ వద్దంటారు.

ప్లేనో_పిల్లోడు
ఫోన్ చేశాను. మా ఇండోర్‌లో స్టీల్ వద్దట. ఊరి బయట ఉన్న అవుట్‌డోర్ వాళ్లు, బర్న్ బ్యాన్ (ఆరుబయట మంటల మీద నిషేధం) లేని రోజుల్లో ఓకే అన్నారు. పెట్టె తీసుకుంటున్నా. ఛాంబర్ బ్రష్ కూడా ఆర్డర్ పెట్టేశా. శాస్త్రి గారూ, ఎక్స్‌ట్రాక్టర్ మార్చడానికి పిన్ పంచ్ ఏ సైజు తీసుకోవాలి?

స్క్రూ_డ్రైవర్_శాస్త్రి
పంచ్ సెట్ ఏమీ కొనకండి. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్ బయటికి తీస్తారు కదా, దాని మొనతోనే ఎక్స్‌ట్రాక్టర్ పిన్ తోసేయొచ్చు. వేలితో ఎక్స్‌ట్రాక్టర్‌ని నొక్కి పట్టుకుని తోయండి, సులువుగా వచ్చేస్తుంది.