పాత టేకు తలుపులతో బుజ్జాయికి తొట్టి మంచం చేద్దామనుకుంటున్నా, పెయింట్ గీకేసి వాడొచ్చా?

సింగ్‌నగర్_కుర్రోడు:

అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ సింగ్‌నగర్. మా ఆవిడకి ఆరో నెల నడుస్తోంది, వచ్చే నెల సీమంతం చేసి గుంటూరు పుట్టింటికి పంపిస్తాం, పురుడు అక్కడే, బిడ్డకి అయిదో నెల వచ్చాక మా ఇంటికి తెచ్చుకుంటాం. ఈలోపు నా చేతుల్తో ఒక తొట్టి మంచం చేయాలని బాగా ఆశగా ఉంది. ఊగే ఉయ్యాల కాదు, చుట్టూ ఊచలుండి నేల మీద నిలబడే రకం.

తెనాలి దగ్గర మా తాతగారి పెంకుటిల్లు పోయినేడాది విప్పేశాం. ఆ టేకు తలుపులు రెండు జతలు, ఓ పది పన్నెండు టేకు వాసాలు తెచ్చి సెల్లార్‌లో పెట్టా. తలుపులకి ఆకుపచ్చ పెయింట్ ఉంది, ఎన్ని కోట్లో లెక్కలేదు, పండక్కి పండక్కీ వేసేవాళ్ళంట. మా నాన్న ఆ ఇంట్లోనే పుట్టాడు కాబట్టి ఆ చెక్కే వాడాలని నా పట్టుదల. డ్రిల్లు ఉంది, జిగ్‌సా ఉంది, సాండర్ మెషీన్ ఫ్రెండ్ దగ్గర తెస్తున్నా, ఈ ఆదివారం బాల్కనీలో కూర్చుని పెయింట్ మొత్తం గీకేద్దామని ప్లాన్. ఇంతకుముందు చెప్పుల స్టాండు, వంటింట్లో అలమర చేశా అంతే.

తెలిసిన వడ్రంగి ఒకాయన్ని అడిగితే ఊచకీ ఊచకీ నాలుగంగుళాలు వదిలేయ్ చాలు, ఒక పక్క కిందకి జారేలా పెట్టుకో బిడ్డని తీయడానికి ఈజీగా ఉంటది అన్నాడు. అది కరెక్టేనా? కొలతలు, పాలిష్, ఇంకేం చూసుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఉలి_సుత్తి_గుంటూరు:

తమ్ముడూ, ముందు ఆ సాండర్ తెచ్చే ఆలోచన మానెయ్, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. మా నాన్న వడ్రంగి, నేనూ ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. పాత ఎనామిల్ పెయింట్లలో సీసం బాగా ఉండేది. మన దేశంలో ఇళ్ళకి వేసే పెయింట్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదని రూలు పెట్టింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ నుంచి. మీ తాతగారి తలుపుల మీద ఉన్నది దానికి ఎన్నో ఏళ్ళ ముందుది. మెషీన్ పెట్టి గీకితే అది పిండిలా లేచి బాల్కనీలోంచి ఇంట్లోకొచ్చి పరుపుల మీద, గిన్నెల మీద వాల్తుంది, కంటికి కూడా కనపడదు. కడుపుతో ఉన్న మనిషి అది పీలిస్తే సీసం రక్తంలోంచి కడుపులో బిడ్డకి కూడా చేరుతుంది, పిల్లల మెదడు ఎదిగే వయసులో అదెంత చెరుపు చేస్తుందో డాక్టర్ని అడుగు, ఆయనే చెప్తాడు. నువ్వు మాస్కు కట్టుకున్నా నీ బట్టల మీద అంటుకుని లోపలికొస్తుంది. తలుపులు అలాగే కప్పెట్టి ఉంచు, వాటి జోలికి పోకు.

ఆ చెక్కే కావాలని ఉంది కదా, నీ దగ్గర వాసాలున్నాయిగా! పెంకుటింటి వాసాలకి మామూలుగా పెయింట్ వేయరు. ఒకసారి చుట్టూ తిప్పి చూసుకో, రంగు మరక ఉన్నవి పక్కన పెట్టు. గోడలో దిగిన కొసలకి చెదలు పట్టకుండా తారు పూసేవాళ్ళు, ఆ నలుపు ఉన్నంతవరకూ ఇంకో అరడుగు కలిపి కోసి పారెయ్. అయస్కాంతం పెట్టి పొడుగునా జరుపుతూ పో, లోపల విరిగిన మేకు ఉంటే తెలుస్తుంది, లేకపోతే సామిల్లులో బ్లేడు పోతుంది, వాడు నిన్ను తిడతాడు. మిల్లులో నాలుగు పక్కలా చిత్రిక పట్టిస్తే లోపల తేనె రంగులో టేకు బయటపడుతుంది, ఆ వాసన వస్తే నీకే తెలుస్తుంది అది ఎన్నేళ్ళు ఎండిన చెక్కో. కొత్త చెక్క కొన్నా ఇంత ఆరిన టేకు దొరకదు, నిజంగా అదృష్టం నీది.

ఇప్పుడు ఊచల సంగతి. నాలుగంగుళాలు ఒప్పుకోను, ఎవరు చెప్పినా సరే. 60 మిల్లీమీటర్లు దాటకూడదు, మన లెక్కలో రెండంగుళాల మూడు నూళ్ళు, నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఎందుకంటే పసిబిడ్డ కాళ్ళు, నడుము సందులోంచి జారిపోతాయి, తల మాత్రం పట్టదు, మెడ దగ్గర ఇరుక్కుంటుంది. అమెరికాలో తొట్టి మంచాలకి కొలత పెట్టింది కూడా ఇదే. ఒక చెక్క ముక్కని సరిగ్గా 60 మిల్లీమీటర్ల మందం కోసి పెట్టుకో, మంచం అయ్యాక ప్రతి సందులో దూర్చి చూడు, ఒక్క చోట దూరినా ఆ ఊచ మళ్ళీ బిగించాల్సిందే. చేత్తో ఊచని పక్కకి లాగి కూడా చూడు, వంగి సందు పెరగకూడదు.

పరుపు ముందు కొను, మంచం తర్వాత చెయ్. 52 బై 28 అంగుళాల పరుపు తీసుకున్నావనుకో, పొడుగు పక్క లోపలి కొలత 1320 మిల్లీమీటర్లు. ఊచ 32 వెడల్పు పెట్టుకుంటే 15 ఊచలు, 16 సందులు, ఒక్కో సందు 52న్నర వస్తుంది. పొట్టి పక్క 8 ఊచలు పెడితే 50 చిల్లర. మొత్తం 46 ఊచలు. ప్రతి ఊచకీ బెజ్జం కొట్టాలంటే నీకు నెల పడుతుంది, దానికి బదులు పై పట్టీకీ కింద పట్టీకీ పొడుగునా గాడి తీయించు మిల్లులోనే, ఊచ మందానికి సరిపడా. ముందు 52న్నర పొడుగు ముక్క గాడిలో పెట్టి జిగురు వెయ్, పక్కన ఒక ఊచ దించు, మళ్ళీ ముక్క, మళ్ళీ ఊచ, చివర్లో ముక్క. ముక్కలన్నీ ఒకే కొలతకి కోస్తే సందులన్నీ వాటంతటవే సమానంగా వస్తాయి. క్లాంపులు బిగించి ఒక రోజంతా వదిలెయ్, తొందరపడి తీయొద్దు. పట్టీలు కాళ్ళకి కలిసే చోట మూలమట్టం పెట్టి చూసుకో.

జారే పక్క అసలొద్దు. ఆ పట్టాలు అరిగి, గొళ్ళెం ఊడి, పక్కకీ పరుపుకీ మధ్య సందు పడి పిల్లలు ఇరుక్కుని చనిపోయారు, అందుకే అమెరికాలో 2011 నుంచి అలాంటివి అమ్మడమే ఆపేశారు. నాలుగు పక్కలా కదలకుండా ఉండాలి.

బ్రాడీపేట_అమ్మ:

పైన అన్నగారు చెప్పింది ప్రతి మాటా నిజం. నేను చెక్క పనిదాన్ని కాదు కానీ ఇద్దరు పిల్లల్ని తొట్టి మంచంలో పెంచా కాబట్టి వాడేవైపు నుంచి చెప్తా. నాలుగు మూలల్లో కాళ్ళ మీద గుండ్రటి బొంగరాల్లాంటివి పెడతారు చూడండి అందానికి, అవి మాత్రం పెట్టొద్దు. మా పెద్దాడు పదో నెలలో లేచి నిలబడటం మొదలెట్టాక ఒకరోజు మెళ్ళో ఉన్న నల్లతాడు ఆ బొంగరానికి తగులుకుంది, వాడు కూలబడబోతే తాడు బిగుసుకుంది, నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నా కాబట్టి సరిపోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడుతున్నాయి. ఆ రోజే మా ఆయన నాలుగూ కోసేశాడు, మెళ్ళో తాడు కూడా తీసేశాం, దిష్టికి కావాలంటే కాలికి చుక్క పెట్టుకోవచ్చు. కాళ్ళు పై పట్టీతో సమానంగా నున్నగా ఉండాలి.

పరుపు గురించి. మా అత్తగారు ప్రేమగా బూరుగుదూది పరుపు కుట్టించారు, ఆవాల దిండు కూడా. డాక్టరుగారు రెండూ వద్దన్నారు, మెత్తగా ఉంటే బిడ్డ బోర్లాపడినప్పుడు ముక్కు అందులో కూరుకుపోతుందని. కొబ్బరి పీచు పరుపు గట్టిది నాలుగంగుళాలది తీసుకున్నాం, దాని మీద బిగుతుగా ఒక దుప్పటి, అంతే. ఏడాది వచ్చేదాకా దిండు లేదు, బొమ్మలు లేవు, చుట్టూ కట్టే మెత్తలు లేవు, వెల్లకిలా పడుకోబెట్టడమే. పరుపుకీ చెక్కకీ మధ్య రెండు వేళ్ళు పడితే పరుపు చిన్నదైనట్టు. పరుపు కింద ప్లైవుడ్ మూతలా వేయకండి, మన బెజవాడ ఉక్కకి, పాలు కక్కిన తడికి అడుగున బూజు పడుతుంది, పట్టీలు వేసి సందులు వదిలితే గాలాడుతుంది.

పరుపు పెట్టే అడుగుని రెండు ఎత్తుల్లో పెట్టుకునేలా చేయండి. పురుడయ్యాక మొదటి నెలల్లో నడుం వంచి తీయాలంటే ప్రాణం పోతుంది, అప్పుడు పైన ఉండాలి. కూర్చోవడం మొదలవగానే కిందకి దించాలి.

సింగ్‌నగర్_కుర్రోడు:

అన్నా, అక్కా, చాలా చాలా థ్యాంక్స్. సాండర్ వద్దని ఫ్రెండ్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేశా. పొద్దున్నే మా ఆవిడ సెల్లార్‌లో ఆ తలుపుల దగ్గరే నిలబడి చూస్తూ ఉంది, అది తలుచుకుంటేనే భయం వేసింది. వాసాలు దించి చూశా, తొమ్మిదింటికి రంగు లేదు, అన్నింటికీ ఒక కొస నల్లగానే ఉంది అన్న చెప్పినట్టే.

రెండు డౌట్లు. మొదట గుంటూరులో అత్తగారింట్లో ఉంటుంది బిడ్డ, తర్వాత ఇక్కడికి రావాలి, మంచం విప్పి కారులో పెట్టుకునేలా చేయొచ్చా? ఇంకోటి పాలిష్ ఏది వేయాలి, పళ్ళొచ్చేటప్పుడు కొరుకుతారంట కదా?

ఉలి_సుత్తి_గుంటూరు:

విప్పేలా చేయొచ్చు, అదే మంచిది కూడా. నాలుగు పక్కలూ విడివిడిగా నాలుగు పలకల్లా చెయ్, పొట్టి పక్కలకి కాళ్ళు కలిపి జిగురు పెట్టెయ్, పొడుగు పక్కల్ని మాత్రం బోల్టులతో బిగించు, ఒక్కో మూలకి పైనొకటి కిందొకటి, మొత్తం ఎనిమిది. మంచాలకి వాడే పొడుగు బోల్టు, దాని గుండ్రటి అడ్డ నట్టు వన్ టౌన్‌లో హార్డ్‌వేర్ షాపుల్లో అడుగు. తల చెక్కలోకి దిగేలా గుంట తీయి, పైకి తేలి ఉండకూడదు. కింద స్ప్రింగ్ వాషర్ వెయ్యి. స్క్రూలతో సరిపెట్టొద్దు, రెండుసార్లు విప్పి బిగిస్తే చెక్కలో పట్టు పోతుంది. మే ఎండలకి చెక్క గుంజుకుని బోల్టు వదులవుతుంది, నెలకోసారి కీ పెట్టి చూసుకోవాలి. పరుపు అడుగు నుంచి పై పట్టీ దాకా, కిందకి దించినప్పుడు, 26 అంగుళాలు ఉండేలా కాళ్ళు కోసుకో.

పాలిష్‌కి మెలమైన్ వద్దు, ఆరాక కూడా చాన్నాళ్ళు ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతుంది, ఆ ఘాటు కళ్ళకి తెలుస్తుంది. నేనైతే చపడా లక్కే వేస్తా, పలుకులు తెచ్చి స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డతో పల్చగా, ఆరాక ఇంకో చేయి. మాత్రల మీద పూతకి వాడేది కూడా లక్కే, బిడ్డ నోట్లో పెట్టినా బెంగ లేదు. లక్కకి ముందు ఎమరీ పేపర్ 80, 120, 220 వరసగా, అంచులన్నీ గుండ్రంగా. చివర్లో మీ ఆవిడ పాత నూలు చీర ముక్కతో ప్రతి ఊచనీ తుడువు, ఎక్కడైనా దారం పట్టిందంటే అక్కడ పేడు లేచిందని అర్థం, మళ్ళీ రుద్దు.

తెనాలి_పెద్దమ్మ:

నాయనా, మా ఇళ్ళల్లో బిడ్డ పుట్టకముందు ఖాళీ తొట్టి బిగించి పెట్టం, మీ అత్తగారు కూడా అనొచ్చు. వాళ్ళతో వాదన పెట్టుకోకు. ఇప్పుడే చేసి, లక్క వేసి, విప్పి గోడకి ఆనించి గాలికి పెట్టు, వాసన కూడా పూర్తిగా పోతుంది. ఇరవయ్యొకటో రోజు బారసాలకి గుంటూరు తీసుకెళ్ళి అక్కడ బిగించు. మొదటి నెలలు చీర ఉయ్యాలలో వేస్తామంటారు, ఊపేటప్పుడు మనిషి దగ్గరుంటే సరే, రాత్రి నిద్రకి మాత్రం నువ్వు చేసిన మంచమే, తల్లి పక్కనే.

సింగ్‌నగర్_కుర్రోడు:

పెద్దమ్మా, సరిగ్గా మా అత్తగారు అదే అన్నారు, పొద్దున ఫోన్లో! అలాగే చేస్తా. ఇవాళ ఆటోనగర్ వైపు మిల్లుకి తొమ్మిది వాసాలూ తీసుకెళ్ళి చిత్రిక పట్టించా, మూడు మేకులు దొరికాయి అయస్కాంతానికి. ఒక వాసం మీద నల్లబొగ్గుతో ఏదో అంకె రాసుంది, ఇల్లు కట్టినప్పుడు వడ్రంగి వేసుకున్న గుర్తు అయ్యుంటది, నాన్నకి చూపిస్తే దాని మీద చేయి పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ముక్క చిత్రిక పట్టించకుండా విడిగా తీసి పెట్టా. రేపట్నుంచి గాడి పని.