టైమింగ్ బెల్ట్ మార్చాక సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు

ప్రశ్న:
నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, పైన రెండు క్యామ్ షాఫ్టులు (వాల్వులు తెరిచే కడ్డీలు). టైమింగ్ బెల్ట్ (పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టునీ, క్యాములనీ జతగా తిప్పే పళ్ళ బెల్ట్), టెన్షనర్ (దాన్ని బిగువుగా ఉంచేది), వాటర్ పంప్ మార్చి బిగించాక స్టార్ట్ కావట్లేదు. విప్పకముందు బాగానే నడిచేది. సెల్ఫ్ ఇదివరకటికన్నా తేలిగ్గా తిరుగుతున్నట్టుంది. కీ ఆన్ చేస్తే పెట్రోల్ పంపు 2 సెకన్లు వినిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
ముందు సెల్ఫ్ కొట్టడం ఆపేయండి. "తేలిగ్గా తిరుగుతోంది" అన్నారు చూశారా, అసలు సంగతి అక్కడుంది. కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకుని పుట్టే ఒత్తిడి) ఉన్న ఇంజన్ ఒక్కో సిలిండర్ దగ్గర బరువెక్కుతూ, లయగా తిరుగుతుంది. అడ్డే లేనట్టు జర్రున తిరిగిందంటే బెల్ట్ పళ్ళు తప్పి ఉండాలి, లేదా వాల్వులు వంగి ఉండాలి. చాలా ఇంజన్లలో టైమింగ్ తప్పితే పిస్టన్ వెళ్ళి వాల్వును కొడుతుంది.

ప్లగ్గులు తీసి, క్రాంక్ బోల్టుకు రాచెట్ పెట్టి ఇంజన్ నడిచే దిశలోనే చేత్తో తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయొద్దు. క్రాంక్ టైమింగ్ గుర్తును లోపలి స్ప్రాకెట్ (బెల్ట్ ఎక్కే పళ్ళ చక్రం) మీదే చూడండి. బయటి పుల్లీ మధ్యలో రబ్బరు ఉంటుంది, అది జారితే పుల్లీ గుర్తు అబద్ధం చెబుతుంది.

జవాబు 2:
కవర్ విప్పేముందు స్కానర్ (కారు కంప్యూటర్లోని రీడింగులు, లోపాల కోడ్లు చదివే పరికరం) పెట్టడం మేలు. సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం 200 అటూ ఇటూ కనిపించాలి. సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ ప్లగ్ పెట్టడం మరిచిపోయి ఉంటారు, లేదా వైరు కవర్ కింద నలిగి ఉంటుంది. ఆ సిగ్నల్ లేకపోతే చాలా కార్లలో స్పార్కూ రాదు, ఇంజెక్టర్లూ తెరుచుకోవు. పీ0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్; పీ0016 అంటే క్రాంకుకీ క్యాముకీ పొంతన కుదరలేదని. ఎర్త్ వైరు వదిలేస్తే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది కాబట్టి మీది అది కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఆర్‌పీఎం 230. పీ0016 ఒక్కటే ఉంది. ప్లగ్గులు పెట్రోల్‌తో తడిసి ఉన్నాయి. కంప్రెషన్ నాలుగింటిలోనూ 6 బార్ దగ్గరే. క్యామ్ గుర్తులు రెండూ కలిపితే క్రాంక్ స్ప్రాకెట్ గుర్తు 3 పళ్ళు ముందుంది. చేత్తో తిప్పితే ఎక్కడా తగల్లేదు.

జవాబు 1:
నాలుగూ ఒకేలా తగ్గాయంటే టైమింగే. వాల్వులు వంగి ఉంటే సాధారణంగా ఒకటి రెండు సిలిండర్లు సున్నాకి దగ్గరగా పడిపోతాయి.

మూడు గుర్తులూ కలిపి, టెన్షనర్ లేని వైపు బెల్ట్ బిగువుగా ఉండేలా ఎక్కించండి. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. టెన్షన్ ఇచ్చాక క్రాంకును చేత్తో 2 పూర్తి చుట్లు తిప్పి మళ్ళీ చూడండి. బెల్ట్ మీది రంగు గీతలు అప్పుడు కలవవు, కంగారుపడొద్దు. స్ప్రాకెట్ గుర్తులు కలిస్తే చాలు.

స్టార్ట్ చేసేముందు మరోసారి కంప్రెషన్ కొలవండి: ప్లగ్గులన్నీ బయట, ఇంజెక్టర్ కనెక్టర్లు, ఇగ్నిషన్ కాయిళ్ళ కనెక్టర్లు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి. 10 నుంచి 13 బార్ వస్తే వాల్వులు బతికినట్టే. ఏదైనా సిలిండర్ వెనకబడితే లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూడటం) చేయండి. గాలి సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గరైతే పిస్టన్ రింగులు.

జవాబు 2:
ప్లగ్గులు ఆరబెట్టి పెట్టండి. ఆయిల్ గేజి పుల్ల వాసన కూడా చూడండి. పెట్రోల్ కంపు కొడితే ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయండి, పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు అరిగిపోతాయి.